పని నేర్చుకునే మొదటి ఆరు నెలలు



డిగ్రీ చదువుతున్న అమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చి, "నాన్నా, హైదరాబాదులో ఒక టీవీ ఆఫీసులో మూడు నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలి. జీతం ఇవ్వరు. హాస్టలుకు, బస్సుకు మనమే పెట్టుకోవాలి" అంటే ఆ తండ్రి ఏమని జవాబు చెప్పాలి? మిర్చి అమ్మిన డబ్బు ఇంకా చేతికి రాలేదు. "జీతం లేని పనికి మనం ఎదురు డబ్బు పెట్టి పంపడమేమిటి?" అని తల్లి అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే అది. కొన్ని ఇళ్ళలో ఆ ప్రశ్న అడగకుండానే పంపేస్తారు. కొన్ని ఇళ్ళలో పిల్ల చెప్పేది వినకుండానే వద్దంటారు. ఈ నెల మన శీర్షికలో దీని గురించి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

ఇంటర్న్‌షిప్ అనే మాట మన ఊళ్ళకు ఈ మధ్యనే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యా సంవత్సరం నుండి డిగ్రీ చదువులో దానిని ఒక భాగం చేశారు గనుక ఇప్పుడు పల్లెటూరి ఇళ్ళలోనూ వినిపిస్తోంది. మాట కొత్తదే గాని పద్ధతి పాతది. దర్జీ దుకాణంలో కాజాలు కుడుతూ, మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తూ, మేస్త్రీ వెనుక ఇటుకలు మోస్తూ మన పిల్లలు పని నేర్చుకోలేదా? పత్రికలోనూ, రేడియోలోనూ, టీవీలోనూ అంతే. కాకపోతే కాజా సరిగా కుట్టకపోతే ఒక చొక్కా పాడవుతుంది. వార్త సరిగా రాయకపోతే ఒక కుటుంబం పరువు పోతుంది. అందుచేత ఈ పనిలో మొదట ఎవరి దగ్గర నేర్చుకున్నారనేది చాలా పెద్ద విషయం.

ముందు అమెరికాలోని ఇద్దరి సంగతి చెప్పి, తరువాత మన జహీరాబాదు ప్రాంతపు ఆడవాళ్ళ సంగతికి వస్తాను.

ఓప్రా విన్‌ఫ్రీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1986 నుండి 2011 వరకు, అంటే 25 సంవత్సరాలు, అమెరికా దేశమంతా చూసిన టెలివిజన్ కార్యక్రమాన్ని తన పేరు మీద నడిపిన నల్లజాతి స్త్రీ. ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఓర్పా. రూతు గ్రంథములో నయోమి కోడళ్ళు ఇద్దరిలో ఒకామె పేరు ఓర్పా గదా, ఆ పేరే. జనానికి నోరు తిరగక ఓప్రా అయిపోయింది. 1954లో మిసిసిపీ రాష్ట్రంలోని కోసియస్కో అనే చిన్న ఊళ్ళో పుట్టింది. ఆరేళ్ళు వచ్చేవరకు అమ్మమ్మ హ్యాటీ మే దగ్గర, పొలం మధ్య ఇంట్లో పెరిగింది. బట్టలు కొనే శక్తి లేక బంగాళాదుంపల గోనెసంచులతో గౌనులు కుట్టి తొడిగేవారు. కాని ఆ అమ్మమ్మ మనుమరాలికి మూడేళ్ళు నిండకముందే చదవడం నేర్పింది. మందిరంలో అందరి ముందు నిలబెట్టి వాక్యాలు కంఠత చెప్పించేది. పిల్ల ఎంత బాగా చెప్పేదంటే ఊళ్ళోవారు ఆమెను ప్రసంగీకురాలని పిలిచేవారు.

మన సండేస్కూలులో కంఠత వాక్యం చెప్పే పిల్లలను చూసి, చిలక పలుకులని నవ్వేవారు కొందరున్నారు. వాళ్ళకు ఈ సంగతి చెప్పండి. నలుగురి ముందు నిలబడి, గొంతు వణకకుండా, చివరి బల్ల మీద కూర్చున్న ముసలమ్మకు కూడా వినబడేలా పలకడం చిన్న విద్య కాదు. మైకు పనిలో సగం అదే.

ఆ పిల్లకు తరువాత కష్టకాలం వచ్చింది. మిల్వాకీ నగరంలో తల్లి దగ్గర ఉన్న రోజుల్లో బంధువుల చేతుల్లో తాను అనుభవించిన దుర్మార్గాన్ని ఆమె పెద్దయ్యాక తానే బహిరంగంగా చెప్పింది. 14 ఏళ్ళ వయసులో నాష్‌విల్ నగరంలో ఉన్న తండ్రి దగ్గరకు చేరింది. తండ్రి వర్నన్‌కు ఒక క్షౌరశాల ఉండేది. ఆయన క్రమశిక్షణ గట్టి మనిషి. పుస్తకం చదవాలి, చదివినదాని గురించి రాసి చూపించాలి. ఇది ఆ ఇంట్లో వారం వారం జరగవలసిన పని.

1971లో, ఆమె ఇంకా హైస్కూలులో ఉండగానే, అగ్నిప్రమాదాల నివారణ ప్రచారం కోసం అమ్మాయిలకు పెట్టిన ఒక పోటీలో గెలిచింది. ఆ సందర్భంగా ఊళ్ళోని డబ్ల్యూ.వి.ఓ.ఎల్. అనే రేడియో స్టేషనుకు వెళ్ళింది. అది నల్లజాతి శ్రోతల కోసం నడిచే స్టేషను. అక్కడివారు సరదాకి ఆమె చేత కొంత చదివించి టేపు చేశారు. విన్నవారు ఆశ్చర్యపోయారు. స్కూలు అయిపోయాక వచ్చి వార్తలు చదవమని పనిలో పెట్టుకున్నారు. కాలేజీలో చేరాక కూడా ఆమె ఆ పని చేస్తూ వచ్చింది.

ఆ చిన్న స్టేషనులో ఆమెకు ఏమి దొరికింది? పెద్ద పేరు దొరకలేదు. దొరికింది అలవాటు. పత్రిక చదివేవాడికి వాక్యం అర్థం కాకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటాడు. రేడియో వినేవాడికి ఆ వీలు లేదు. వంట చేస్తూ ఒక చెవితో వింటూ ఉంటుంది ఇల్లాలు. ఆమెకు ఒకే ఒక్కసారిలో అర్థమయ్యేలా చెప్పాలి. ఊరి పేరు తప్పు పలికితే ఆ ఊరివాళ్ళు వెంటనే పట్టుకుంటారు. టైముకు ఆపాలి, టైముకు మొదలుపెట్టాలి. తలనొప్పిగా ఉన్నా గొంతులో వినబడకూడదు. ఇవి పుస్తకంలో చదివితే వచ్చేవి కావు. ప్రతిరోజూ మైకు ముందు కూర్చుంటే వస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఏమిటంటే, ఆమె చదివింది నిజంగా ప్రసారమయింది. ఒక మూల కూర్చోబెట్టి, చూసి నేర్చుకో అనలేదు.

19 ఏళ్ళకే ఆ నగరపు టెలివిజన్‌లో వార్తలు చదివే అవకాశం వచ్చింది. మొదట్లో అప్పటికే పేరున్న బార్బరా వాల్టర్స్ అనే ఆమెను అనుకరించేదాన్నని తానే చెప్పుకుంది. మన పిల్లలు కూడా మైకు దొరకగానే ఎవరో ఒక యాంకరు గొంతు ఎత్తుకుంటారు. అది తప్పేమీ కాదు, కొంతకాలం అలాగే ఉంటుంది.

1976లో బాల్టిమోర్ నగరంలోని పెద్ద స్టేషనులో సాయంత్రం వార్తలు చదవడానికి వెళ్ళింది. ఏడాది తిరగకుండానే ఆ కుర్చీ నుండి తీసేశారు. విషాదం జరిగిన చోటికి వెళితే ఎదుటివారి దుఃఖంలో తానూ కలిసిపోయేది. దూరంగా నిలబడి చెప్పడం చేతకాలేదు. వార్తల శాఖలో అది లోపం. కాని 1978లో అదే స్టేషనువారు మనుషులతో కూర్చుని మాట్లాడే ఒక ఉదయపు కార్యక్రమంలో ఆమెను పెట్టారు. లోపమనుకున్నదే అక్కడ బలమయింది. మొదటిరోజే తన చోటు దొరికినట్టు అనిపించిందని ఆమె తరువాత చాలాసార్లు చెప్పింది. అక్కడినుండి 1984లో షికాగో, 1986లో దేశమంతా.

తలిదండ్రులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. మొదటి శిక్షణ వార్తలు చదవడంలో దొరికింది గాని జీవితం వార్తలు చదవడంలో సాగలేదు. అయినా ఆ శిక్షణ వృథా పోయిందా? మైకంటే భయం లేకపోవడం, టైము తెలియడం, వినేవారిని మనసులో పెట్టుకుని మాట్లాడడం, ఇవన్నీ వెంట వచ్చాయి. మన అబ్బాయి పత్రికలో ఆరునెలలు పనిచేసి తరువాత రేడియోకు వెళ్ళినా, స్కూలు టీచరు అయినా, ఆ ఆరునెలలు ఎక్కడికీ పోవు. సర్టిఫికెట్టు మీద ఏ సంస్థ పేరు ఉందనేదాని కంటే చేతికి ఏ అలవాటు పట్టిందనేది చూడాలని నా అభిప్రాయం.

రెండో మనిషి ఎర్నెస్ట్ హెమింగ్వే. ఇంగ్లీషు నవలాకారుడు. 1954లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన జీవితంలో చాలా బాధలున్నాయి, 1961లో ముగింపు కూడా విషాదంగానే జరిగింది. నేను ఇక్కడ చెప్పేది ఆయన పని నేర్చుకున్న కాలం గురించి మాత్రమే.

షికాగో పక్కన ఓక్ పార్క్ అనే ఊళ్ళో ప్రొటెస్టంట్ కుటుంబం. తండ్రి డాక్టరు, తల్లి సంగీతం నేర్పేది. 1917లో కొడుకు హైస్కూలు పూర్తిచేశాడు. కాలేజీకి వెళ్ళాలని ఇంట్లోవారి కోరిక. వెళ్ళనన్నాడు. కాన్సాస్ సిటీలో ఉన్న తండ్రి సోదరునికి అక్కడి 'స్టార్' దినపత్రికలో ఒక పెద్ద ఉద్యోగితో స్నేహం ఉంది. ఆ పరిచయంతో 1917 అక్టోబరులో అబ్బాయి విలేకరిగా చేరాడు. వయసు 18. వారానికి 15 డాలర్ల జీతం. సిఫారసుతో దొరికిందా అని కొందరు ముఖం చిట్లిస్తారు. నిజమే, సిఫారసుతోనే దొరికింది. మన పల్లె పిల్లలకు పత్రికాఫీసులో బాబాయిలు ఉండరు. ఆ బాధ గురించి తరువాత చెబుతాను. కాని తలుపు తెరిపించినది బంధువైతే, లోపల నిలబెట్టినది వేరే మనిషి.

ఆ పిల్లవాడికి అప్పగించిన పని మూడు చోట్ల తిరిగి రావడం. ఒకటి పోలీసు స్టేషను, ఒకటి పెద్దాసుపత్రి, ఒకటి రైల్వే స్టేషను. దెబ్బలు తిన్నవారు, దొంగతనాలు, అంటువ్యాధులు, రైలు దిగిన ప్రముఖులు. చూసినదంతా వచ్చి రాయాలి. రాసినదంతా పీట్ వెల్లింగ్టన్ అనే సహాయ సంపాదకుడు చూసేవాడు. ఆ పత్రికలో కొత్తగా చేరిన ప్రతివారి చేతిలో ఒక పొడవాటి కాగితం పెట్టేవారు. దానిమీద 110 నియమాలు. వాక్యాలు చిన్నవిగా ఉండాలి. మొదటి పేరా చిన్నదిగా ఉండాలి. భాషలో బలం ఉండాలి. లేనిదాన్ని గురించి కాకుండా ఉన్నదాన్ని చెప్పాలి. గొప్ప, బ్రహ్మాండమైన, అద్భుతమైన వంటి విశేషణాలు వదిలిపెట్టాలి. పాతబడిపోయిన యాసమాటలు వాడకూడదు. వెల్లింగ్టన్ ఆ నియమాల దగ్గర ఎవరినీ వదిలేవాడు కాదు.

హెమింగ్వే అక్కడ ఉన్నది ఏడు నెలలు కూడా పూర్తిగా లేదు. 1918 ఏప్రిల్ చివర మానేసి, మొదటి ప్రపంచయుద్ధంలో రెడ్‌క్రాస్ అంబులెన్సు నడపడానికి ఇటలీకి వెళ్ళాడు. జూలైలో గాయపడ్డాడు. ఆ తరువాత టొరాంటో నగరపు పత్రికకు రాశాడు, పారిస్‌లో ఉన్నాడు, నవలలు రాశాడు. 1952లో వచ్చిన, ముసలి జాలరి కథ చెప్పే చిన్న నవల ప్రపంచమంతా చదివింది. అంతకుముందే, 1940లో, కాన్సాస్ సిటీ విలేకరి ఒకరు అడిగితే, రాయడం గురించి తాను నేర్చుకున్నవాటిలో ఆ కాగితం మీది నియమాలే అన్నిటికంటే మంచివని చెప్పాడు. ఆరునెలల పనిని 22 సంవత్సరాల తరువాత తలుచుకున్నాడన్నమాట.

ఇది ఇంగ్లీషువారి సంగతి, మనకెందుకు అనకండి. మన పత్రికల్లో రోజూ వచ్చే వాక్యం ఒకటి చూడండి: "నిన్న సాయంత్రం సుమారు ఐదు గంటల ప్రాంతంలో స్థానిక బస్టాండు సమీపంలో జరిగిన ఘోర రోడ్డు ప్రమాదంలో ఒక వ్యక్తి అక్కడికక్కడే దుర్మరణం పాలవడంతో గ్రామంలో విషాదఛాయలు అలుముకున్నాయి." ఇంత పొడుగు వాక్యంలో మనకు తెలియవలసినది ఎంత? ఎవరు చనిపోయారో లేదు, ఏ బండి గుద్దిందో లేదు. ఘోరం, దుర్మరణం, విషాదఛాయలు మాత్రం ఉన్నాయి. దిద్దే మనిషి ఉంటే ఇలా అవుతుంది: "బస్టాండు దగ్గర నిన్న సాయంత్రం ఐదు గంటలకు లారీ గుద్ది ఒక కౌలురైతు చనిపోయాడు. ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు." విషాదఛాయలు అనే మాట లేకపోయినా చదివినవాడి మనసు కలుక్కుమంటుంది. ఈ తేడా ఎవరైనా చెయ్యిపట్టి చూపిస్తే పది రోజుల్లో వస్తుంది. ఎవరూ చూపించకపోతే పదేళ్ళు పనిచేసినా రాదు. నాకు తెలిసిన మంచి విలేకరులందరూ తమ మొదటి వార్తను దిద్దిన మనిషి పేరు చెప్పగలరు.

తెలుగుదేశంలో ఈ శిక్షణకు ఒక దారి పత్రికలే వేశాయి. 1989లో ఈనాడు జిల్లా పేజీలను చిన్న పత్రికగా విడిగా వేయడం ప్రారంభించిన తరువాత పల్లె వార్తకు చోటు పెరిగింది. ఊరి బోరు చెడిపోయినా, పశువుల డాక్టరు రాకపోయినా అచ్చులో చూసుకోగలిగాం. అన్ని పత్రికలూ ఆ దారిలో నడిచాయి గనుక మండలానికొక విలేకరి అవసరమయ్యాడు. పెద్ద పత్రికలు కొన్ని సొంతంగా జర్నలిజం స్కూళ్ళు పెట్టి, పరీక్ష నడిపి, ఎన్నికైనవారికి శిక్షణ కాలంలో భృతి కూడా ఇస్తూ వచ్చాయి. బాబాయి లేని పిల్లవాడికి పరీక్ష అనేది పెద్ద మేలు. అక్కడ అడిగేది తెలుగు వచ్చా, లోకజ్ఞానం ఉందా అనే. మీ పిల్లలకు ఆసక్తి ఉంటే అటువంటి ప్రకటనల కోసం పత్రికలు చూస్తూ ఉండమనండి. ఆకాశవాణి కేంద్రాలలో యువవాణి కార్యక్రమం కూడా ఎందరో కాలేజీ పిల్లలకు మొదటి మైకు అందించింది.

ఇప్పుడు జహీరాబాదు సంగతి. ఇది నాకు మిగిలిన రెండిటికంటే ఇష్టం.

అప్పటి మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో, పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. దాని స్థాపకులలో ఒకరైన పి.వి. సతీష్ గారు అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసినవారు. 2023లో చనిపోయారు. చిరుధాన్యాలు పండించే పేద దళిత స్త్రీల సంఘాలు ఆ సంస్థకు ప్రాణం. వారి దగ్గర విత్తనాల జ్ఞానం ఉంది, పాటలున్నాయి, మందులు తెలుసు. కాని రేడియోలో వ్యవసాయం గురించి మాట్లాడేది మాత్రం పట్నంలో చదువుకున్నవారే. మా మాట మేమే చెప్పుకుంటామని ఆ స్త్రీలు అన్నారు. యునెస్కో సహాయంతో మాచనూరు గ్రామంలో రేడియో స్టేషను భవనం కట్టారు. ఇది 1990ల చివరిమాట.

భవనం వచ్చింది గాని ప్రసారం చేసే అనుమతి రాలేదు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలు రేడియో నడుపుకోవచ్చని ప్రభుత్వం విధానం మార్చింది 2006లో. మాచనూరు 'సంగం రేడియో' గాలిలోకి వెళ్ళింది 2008 అక్టోబరు 15న. మధ్యలో దాదాపు పదేళ్ళు. ఆ పదేళ్ళు వారు ఏమి చేశారు? ఊరకుండలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లు సంఘం మీటింగుల్లో వినిపించారు. విన్నవాళ్ళు అక్కడే కూర్చుని ఉంటారు గనుక, ఇది బాగుంది, ఇది అర్థం కాలేదు, ఆ పాట అట్లా కాదు అని ముఖం మీదే చెప్పేస్తారు. అంతకంటే మంచి దిద్దుబాటు ఏ కాలేజీలో దొరుకుతుంది? స్టేషను పని చూసుకున్న ఇద్దరి పేరూ నర్సమ్మే. గుర్తుకోసం ఒకరిని జనరల్ నర్సమ్మ అనీ, ఇంకొకరిని ఊరి పేరుతో అల్గోల్ నర్సమ్మ అనీ పిలిచేవారు. ప్రసారం మొదలైన నాటికి వారు కొత్తవారు కారు. దేశంలో పల్లె స్త్రీలు నడిపిన మొదటి సముదాయ రేడియోగా దానికి పేరు వచ్చింది.

అదే సంస్థలో కొందరు స్త్రీలు వీడియో కెమెరా కూడా నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. కెమెరాను ఏ ఎత్తులో పెట్టాలో చెప్పే ఇంగ్లీషు పేర్లు వారికి నోటికి రావు. గనుక తమకు తెలిసిన జీవితం నుండే పేర్లు పెట్టుకున్నారు. పటేలు ముందు నిలబడినప్పుడు ఒకరు ఎత్తున, ఒకరు కిందుగా ఉంటారు. అటువంటి ఎత్తుపల్లాలు కనబడే షాటు 'పటేల్ షాటు'. సంఘంలో అందరూ నేలమీద ఒకే వరుసలో కూర్చుంటారు. అట్లా కంటికి కన్ను ఎదురుగా ఉండే షాటు 'సంగం షాటు'. నేర్పినవారు ఇంగ్లీషు మాటలు బట్టీపట్టించి ఉంటే ఈ పేర్లు పుట్టేవి కావు. తెలిసినదాని మీద తెలియనిదాన్ని నిలబెట్టారు. ఇంటి నుండి తెచ్చుకున్న యాసను, పాటను, ఎరుకను పారేయమని చెప్పే ఆఫీసు కంటే, వాటితో పనిచేయించుకునే ఆఫీసు మన పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు వద్దాం. పంపాలా వద్దా?

పంపేముందు ఒక పూట ఖర్చయినా ఫరవాలేదు, మీరే వెళ్ళి ఆ ఆఫీసు చూసి రండి. మా అమ్మాయి చేత ఏ పని చేయిస్తారని మర్యాదగా అడగండి. ఆమె రాసినది అచ్చువేస్తారా, ఆమె గొంతు వినిపిస్తారా? దిద్దేవారు ఎవరు? వారి పేరు చెప్పగలరా? "అన్నీ నేర్పుతామండీ" అని మాత్రమే చెప్పి ఊరుకుంటే కొంచెం అనుమానించండి. టీ తేవడం, కాగితాలు జిరాక్సు తీయడం మూడునెలలు చేయించి సర్టిఫికెట్టు చేతిలో పెట్టే చోట్లు కూడా ఉన్నాయి. చిన్న పనులు చేయడం తప్పు కాదు, పని నేర్చుకునేవాడు అన్నీ చేయాలి. కాని అవి మాత్రమే చేస్తే నేర్చుకున్నట్టు కాదు. మండల కేంద్రంలో ఉన్న చిన్న పత్రిక అయినా, దిద్దే మనిషి ఉంటే అక్కడికే పంపండి. రాజధానిలో అద్దాల మేడలో మూలన కూర్చోవడం కంటే అది నయం. బస్సు ఖర్చు కూడా తగ్గుతుంది.

మీ దగ్గరనుండి డబ్బు అడిగే చోటికి పంపకండి. విలేకరి కార్డు ఇస్తాము, ఇంత డిపాజిట్టు కట్టండి అనేవారు జిల్లాల్లో తిరుగుతుంటారు. కార్డు చూపించి ఊళ్ళో డబ్బు వసూలు చేయమని చెప్పకనే చెప్పడం అది. ఇంకొక చిక్కు ప్రకటనలు. మండల స్థాయిలో విలేకరులలో చాలామందికి నెలజీతం ఉండదు. అచ్చయిన వార్త కొలిచి లైన్ ఎకౌంటు ఇస్తారు, దానితోపాటు పండుగలకు ప్రకటనలు తెమ్మంటారు. ఉదయం సర్పంచి గారి దగ్గర ప్రకటన అడిగిన కుర్రవాడు సాయంత్రం ఆయన మీద వార్త ఎలా రాస్తాడు? పని నేర్చుకునే వయసులో ఈ అలవాటు పడితే తరువాత వదిలించుకోవడం కష్టం. కాబట్టి ప్రకటనల పని ఉంటుందా అని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

జీతం లేని ఇంటర్న్‌షిప్ గురించి నా మనసులోని మాట చెబుతాను. అది పట్నంలో ఇల్లు ఉన్న పిల్లలకు ఉచితం. మన పిల్లలకు నెలకు కొన్ని వేల ఖర్చు. అందుచేత పత్రికల్లో, టీవీల్లో పల్లె గొంతు తక్కువవుతుంది. హెమింగ్వేకు 1917లోనే వారం వారం జీతం ఇచ్చారు. మనుషుల చేత పని చేయించుకునే సంస్థ కనీసం తిండికి, బస్సుకు సరిపడా ఇవ్వాలి. ఇవ్వమని అడగడంలో సిగ్గుపడవలసిందేమీ లేదు. ఇవ్వలేమంటే, మూడు నెలలకు బదులు ఆరు వారాలు చేయవచ్చా అని అడగండి. అప్పు చేసి మాత్రం పంపకండి.

ఆడపిల్లల తలిదండ్రులకు ఇంకొక మాట. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిరోధించే చట్టం 2013లో వచ్చింది. శిక్షణకు వచ్చినవారికి, అప్రెంటిస్‌లకు కూడా అది వర్తిస్తుంది. జీతం లేదు గనుక హక్కు లేదు అనడానికి వీలులేదు. పదిమంది గాని అంతకు మించి గాని పనిచేసే చోట ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీలో ఎవరున్నారో మీ అమ్మాయిని మొదటి వారంలోనే తెలుసుకోమనండి. రాత్రి డ్యూటీ ఉంటే ఇంటికి ఎలా చేరుస్తారో అడగండి. ఈ ప్రశ్నలు అడిగితే అవకాశం పోతుందేమోనని కొందరు భయపడతారు. ఈ ప్రశ్నకే కోపం తెచ్చుకునే ఆఫీసులో పిల్లను వదలడం నాకైతే ఇష్టం లేదు.

వెళ్ళే పిల్లలకు ఒక చిన్న పని చెబుతాను. దిద్దిన కాగితాలు పారేయవద్దు. ఇప్పుడు అంతా కంప్యూటరులోనే దిద్దుతారు గనుక, మీరు రాసి ఇచ్చినది ఒకటి, అచ్చయినది ఒకటి పక్కపక్కన పెట్టుకుని ఒక నోటుబుక్కులో అంటించుకోండి. ఏ మాట తీసేశారు, ఏ వాక్యం విరగ్గొట్టారు, ఏ పేరు సరిచేశారు అని ఎర్రసిరాతో గుర్తు పెట్టుకోండి. రేడియోలో అయితే మీరు చదివినదాన్ని ఫోనులో రికార్డు చేసుకుని ఆ రాత్రే వినండి. వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది.

ఇంటర్న్‌షిప్ కోసం దరఖాస్తు తెలుగులో ఎలా రాయాలి, దానితో ఏమేమి జతపరచాలి అన్నది వచ్చే సంచికలో ఒక నమూనాతో ఇస్తాను. ఈలోగా మీ ప్రశ్నలేమైనా ఉంటే కార్డు ముక్క మీద రాసి పత్రిక చిరునామాకు పంపండి.